ఆర్‌జీబీ-ఐఆర్ సెన్సర్: ముడిచిత్రంలో కలిసిన పరారుణాన్ని విడదీయడం

ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో పాటు కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని కూడా ఒకే సిలికాన్ చిప్పు మీద నమోదు చేసే కెమెరా సెన్సర్లను ఆర్‌జీబీ-ఐఆర్ సెన్సర్లు అంటారు. కారు నడిపే మనిషి కునుకు తీస్తున్నాడేమో కనిపెట్టే కెమెరాల్లోను, ముఖం చూసి తెరుచుకునే కొన్ని లాప్‌టాప్‌లలోను, రాత్రీపగలూ పనిచేయాల్సిన నిఘా కెమెరాల్లోను ఇవి కనిపిస్తాయి. వీటి నుంచి వచ్చే ముడి అంకెలు నేరుగా చూడదగిన బొమ్మ కావు. ప్రతి రంగు అంకెలోనూ కొంత పరారుణం కలిసి ఉంటుంది. దాన్ని లెక్కగట్టి తీసేస్తే తప్ప రంగు బయటపడదు. ఈ సెన్సర్ల ముడిచిత్రాలను శుద్ధి చేయడంలో కష్టమంతా ఆ తీసివేతలోనే ఉంది.

సిలికాన్ చూపు

సిలికాన్‌లో ఎలక్ట్రాన్ కదలడానికి కావలసిన శక్తి సుమారు 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ లెక్కన దాదాపు 1,100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఏ కాంతి పడినా అది స్పందిస్తుంది. మనిషి కన్ను చూసేది ఇంచుమించు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య. కన్ను ఆగిన చోటి నుంచి సిలికాన్ ఆగే చోటి దాకా ఉన్న మేరే ఇక్కడ సమీప పరారుణం. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు దాటిన చీకటి భాగంలో థర్మామీటరు ఉంచి, అక్కడా పాదరసం ఎక్కడం చూసి పరారుణాన్ని కనుగొన్నాడు. 1910లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పరారుణ ఫోటోలు ప్రచురించాడు. వాటిలో చెట్ల ఆకులు మంచు కప్పినట్టు తెల్లగా, ఆకాశం నల్లగా కనిపిస్తాయి.

సమీప పరారుణ కెమెరాను థర్మల్ కెమెరా అనుకోకూడదు. మనిషి ఒంటి వేడికి వెలువడే పరారుణం 9 మైక్రోమీటర్ల ఇటూ అటూ బలంగా ఉంటుంది. సిలికాన్‌కు అది ఆనదు. సమీప పరారుణ కెమెరాకు ఏదో ఒక వెలుగు కావాలి. అది ఎండ కావచ్చు, పాతకాలపు బల్బు కావచ్చు, కెమెరా పక్కన అమర్చిన ఎల్‌ఈడీ కావచ్చు. టీవీ రిమోట్ ముందు వెలిగే 940 నానోమీటర్ల ఎల్‌ఈడీని చాలా ఫోన్ల సెల్ఫీ కెమెరాలు పసిగడతాయి. మీట నొక్కితే తెర మీద ఊదారంగు చుక్క మిణుకుమంటుంది.

మామూలు రంగు కెమెరాల్లో ఈ కాంతిని రానీయకుండా సెన్సర్ ముందు గాజు ఫిల్టర్ ఉంటుంది. 650 నానోమీటర్లు దాటిన కాంతిని అది ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే పిక్సెళ్ల మీద పూసే రంగుల స్వభావం తెలియాలి. ఈస్ట్‌మన్ కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు వచ్చిన అమరికలో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నేటికీ ఎక్కువ కెమెరాలది ఇదే అమరిక. ఆ పిక్సెళ్ల మీద పూసే రంగులు కనిపించే కాంతిలోనే రంగులు. 800 నానోమీటర్లు దాటాక మూడూ దాదాపు పారదర్శకమే. అంటే పరారుణం ముందు ఎరుపు పిక్సెల్‌కూ నీలం పిక్సెల్‌కూ తేడా దాదాపుగా ఉండదు. మూడింటికీ కాస్త అటూఇటూగా ఒకే మొత్తం అదనంగా చేరి రంగులు వెలిసిపోతాయి.

ఈ అదనం ఎంత ఇబ్బంది పెట్టగలదో 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరా చూపించింది. లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య చోటు తక్కువని అందులో పరారుణ ఫిల్టర్‌ను బాగా పలుచగా పెట్టారు. నల్లటి సింథటిక్ బట్టలు ఊదారంగులో వచ్చాయి. ఆ నల్లదనం కంటికే నలుపు, పరారుణాన్ని మాత్రం బాగా తిప్పికొడుతుంది. చివరికి కొనుగోలుదారులకు లెన్సు ముందు బిగించుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చారు. ఒకసారి కలిసిపోయాక సాఫ్ట్‌వేర్‌తో విడదీయడం కష్టమని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది. అంతకుముందు 1998లో సోనీ హ్యాండీక్యామ్ నైట్‌షాట్ సదుపాయాన్ని పగటి వెలుగులో వాడితే కొన్ని పలుచటి బట్టల గుండా కనిపిస్తోందని గొడవై, ఆ మోడళ్లను సోనీ మార్చాల్సి వచ్చింది. 2020లో వన్‌ప్లస్ 8 ప్రో ఫోన్‌లోని ఒక ఫిల్టర్ కెమెరా మీదా ఇదే రగడ జరిగింది. పరారుణ కెమెరా చేసేవారు గోప్యత సంగతి ముందే ఆలోచించుకోవాలని ఈ రెండు ఉదంతాలు చెబుతున్నాయి.

పదహారు పిక్సెళ్ల గడి

రాత్రి వేళ పరారుణం కావాలి, పగలు వద్దు. నిఘా కెమెరాల్లో దీనికి చిన్న మోటారుతో కదిలే ఫిల్టర్ పెడతారు. పొద్దుగూకే వేళ కెమెరా దగ్గర 'టక్' మని వినిపించేది ఆ ఫిల్టర్ పక్కకు తప్పుకునే చప్పుడే. కదిలే భాగం కాబట్టి అరుగుతుంది, చోటు తీసుకుంటుంది. పైగా రంగు బొమ్మా పరారుణ బొమ్మా ఒకేసారి ఇవ్వలేదు. కాంతిని పట్టకంతో చీల్చి రెండు సెన్సర్ల మీదకు పంపే పారిశ్రామిక కెమెరాలున్నాయి. నాణ్యత వాటిదే, కానీ ఖరీదూ బరువూ ఎక్కువ. ఈ రెండు ఇబ్బందులకూ మధ్య దారిగా వచ్చిందే ఆర్‌జీబీ-ఐఆర్.

వీటిలో కొన్ని పిక్సెళ్ల మీద రంగు బదులు కనిపించే కాంతిని ఆపి పరారుణాన్ని మాత్రమే వదిలే పూత ఉంటుంది. ఎరుపు పూత మీద నీలం పూత వేస్తే చాలు, కనిపించే కాంతి దాదాపుగా ఆగిపోతుంది, పరారుణం రెండింటినీ దాటుకుని లోపలికి పోతుంది. బేయర్ గడిలో ఒక ఆకుపచ్చను తీసి అక్కడ ఐఆర్ పెట్టడం తేలికైన పద్ధతి. దానితో ఆకుపచ్చ సగమైపోతుంది. కన్ను వివరాలను ఎక్కువగా ఆకుపచ్చ నుంచే గ్రహిస్తుంది కాబట్టి బొమ్మ మసకబారుతుంది. అందుకే నాలుగు వరుసలు, నాలుగు నిలువులు ఉన్న పదహారు పిక్సెళ్ల గడి వాడుకలోకి వచ్చింది. మొదటి వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. రెండో వరుస ఆకుపచ్చ, ఐఆర్, ఆకుపచ్చ, ఐఆర్. మూడో వరుస ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ. నాలుగోది మళ్లీ రెండోదే. మొత్తం మీద ఆకుపచ్చ 8, ఐఆర్ 4, ఎరుపు 2, నీలం 2. ఆకుపచ్చ వాటా చెక్కుచెదరదు. ఎరుపు, నీలం మాత్రం నాలుగో వంతు నుంచి ఎనిమిదో వంతుకు పడిపోతాయి.

కారు లోపలి కెమెరాల కోసం ఓమ్నివిజన్ చేసిన ఓఎక్స్05బీ1ఎస్ 50 లక్షల పిక్సెళ్ల ఆర్‌జీబీ-ఐఆర్ సెన్సర్. పిక్సెల్ వెడల్పు 2.2 మైక్రోమీటర్లు. అదే సంస్థ ఓవీ2312, ఆన్‌సెమీ ఏఆర్0237లో ఆర్‌జీబీ-ఐఆర్ రకం కూడా ఈ కుదురుకు చెందినవే.

అంత చిన్న పిక్సెల్‌లో పరారుణాన్ని పట్టడం వేరే తంటా. కాంతి తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ సిలికాన్‌లో లోతుగా పోతుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి అర మైక్రోమీటరు లోపే చాలావరకు ఇంకిపోతుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చకు ఒకటిన్నర మైక్రోమీటర్లు చాలు. 850 నానోమీటర్ల పరారుణానికి దాదాపు 18, 940కి 50 మైక్రోమీటర్ల పైగా లోతు కావాలి. సెన్సర్‌లో కాంతిని పట్టే పొర మందం సాధారణంగా కొద్ది మైక్రోమీటర్లే. కాబట్టి పరారుణంలో ఎక్కువ భాగం పట్టుబడకుండానే దాటిపోతుంది. పట్టుబడిన ఎలక్ట్రాన్లలో కొన్ని పక్క పిక్సెల్‌లోకి జారుకుంటాయి. పొరను మందం చేయడం, ఉపరితలాన్ని గుంటలు గుంటలుగా చెక్కి కాంతిని ఏటవాలుగా మళ్లించడం, పిక్సెళ్ల మధ్య లోతైన గోడలు కట్టడం ఇప్పుడు వాడే ఉపాయాలు.

తీసివేత

ముడిచిత్రంలో ఒక ఎరుపు పిక్సెల్‌ను తీసుకుందాం. 10 బిట్ల ఫైలు, అంటే 0 నుంచి 1,023 దాకా అంకెలు. ఎరుపు పిక్సెల్‌లో ఉన్నది 420. చుట్టుపక్కల ఐఆర్ పిక్సెళ్ల నుంచి ఈ చోట పరారుణం ఎంత ఉండవచ్చో అంచనా కడితే 260 వచ్చింది. కాంతి ఏమీ పడకపోయినా సెన్సర్ ఇచ్చే కనీస అంకె, అంటే బ్లాక్ లెవెల్, 64. నూనె తూచేముందు ఖాళీ డబ్బా బరువు తీసేసినట్టు దీన్ని రెండింటి నుంచీ ముందే తీసేయాలి. అప్పుడు 356, 196 మిగులుతాయి. ఎరుపు పూత గుండా పరారుణం ఐఆర్ పిక్సెల్‌తో పోలిస్తే 0.95 వంతు వస్తుందనుకుంటే, 196ను 0.95తో హెచ్చవేసి 356 నుంచి తీసేయాలి. మిగిలేది దాదాపు 170. ఆ 356లో సగానికి పైగా పరారుణమేనన్న మాట.

ఆ 0.95 ఎక్కడి నుంచి వచ్చింది? చీకటి గదిలో పరారుణ ఎల్‌ఈడీ ఒక్కటే వెలిగించి తెల్లటి పలకను ఫోటో తీస్తే, కనిపించే కాంతి ఏమీ లేదు కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లలో పడిందంతా పరారుణమే. ఒక్కొక్క దాన్ని ఐఆర్ పిక్సెల్ అంకెతో భాగిస్తే మూడు గుణకాలూ చేతికొస్తాయి. ఇంత తేలికైన కొలత ఈ రంగంలో మరొకటి లేదు. చిక్కేమిటంటే అది ఆ ఎల్‌ఈడీకి మాత్రమే చెల్లుతుంది. ఎండలో 700 నుంచి 1,100 వరకు అన్నీ ఉంటాయి. 720 నానోమీటర్ల దగ్గర ఎరుపు పూత బాగా వదులుతుంది, నీలం పూత అంతగా వదలదు. 850 దగ్గర రెండూ ఒకటే. కాబట్టి ఎండలో గుణకం ఒకటి, ఫిలమెంటు బల్బు కింద ఇంకొకటి. తెల్లటి ఎల్‌ఈడీ దీపం కిందనైతే పరారుణమే దాదాపు ఉండదు కాబట్టి తీసేయడానికి ఏమీ ఉండదు. ఒక్క ఎండలోనే పచ్చిక మీద పడి వచ్చిన పరారుణం ఒకలా, గోడ మీద పడి వచ్చింది ఇంకోలా ఉంటాయి. ఒకే అంకెతో అన్నిచోట్లా తీసివేస్తే ఎక్కడో ఒకచోట రంగు తప్పుతుంది.

ఇందుకు సాఫ్ట్‌వేర్‌లో కాక గాజులోనే మందుంది. 400 నుంచి 650 దాకా కనిపించే కాంతిని, ఆపైన 850 లేదా 940 చుట్టూ సన్నటి పట్టీని మాత్రమే వదిలి మిగతాదంతా ఆపేసే ఫిల్టర్‌ను లెన్సుతో కలిపి అమరుస్తారు. దీన్ని డ్యూయల్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ అంటారు. గొడవంతా పెట్టే 700-800 ప్రాంతం అసలు లోపలికే రాదు. వచ్చే సన్నటి పట్టీలో మూడు పూతలూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. గుణకాలు స్థిరపడతాయి. తీసివేత సూత్రాల మీద పరిశోధనా పత్రాలకు కొదవలేదు గానీ, ఈ ఫిల్టర్ లేకుండా వాటిలో ఏదీ ఆరుబయట ఎండలో నమ్మదగ్గ రంగు ఇవ్వదు.

తీసివేతకు చెల్లించే ధర

గుణకం ఎంత కచ్చితంగా ఉన్నా ఒక నష్టం తప్పదు. కాంతి ఫోటాన్లుగా వస్తుంది, వాటి రాకలో సహజంగా ఎగుడుదిగుళ్లుంటాయి. సగటున వెయ్యి ఎలక్ట్రాన్లు వచ్చే చోట ఎగుడుదిగుడు వెయ్యికి వర్గమూలం, అంటే 32 దాకా ఉంటుంది. ఒక పిక్సెల్‌లో 1,000 ఎలక్ట్రాన్లున్నాయి, వాటిలో 600 పరారుణానివి అనుకుందాం. ఐఆర్ పిక్సెల్‌లోనూ 600. తీసేస్తే రంగు 400. కానీ ఎగుడుదిగుడు, అంటే నాయిస్, తీసివేతకు గురికాదు, పోగుపడుతుంది. 1,000కి 600 కలిపితే 1,600. దాని వర్గమూలం 40. అంటే సంకేతం నాయిస్‌కు పదింతలు. పరారుణం రాకుండా మామూలు ఫిల్టర్ పెట్టి ఉంటే 400కు వర్గమూలం 20, నిష్పత్తి ఇరవై. రంగు నాణ్యత సగానికి సగం పోయింది, అది కూడా లెక్కలో ఏ పొరపాటూ లేకుండానే. ఐఆర్ విలువను చుట్టుపక్కల పిక్సెళ్ల సగటుగా తీసుకుని ఈ నష్టాన్ని కొంత తగ్గించవచ్చు, పూర్తిగా పూడ్చలేము.

ముదురు నీడల్లో తీసివేత ఫలితం సున్నా కన్నా కిందికి పోతుంది. దాన్ని వెంటనే సున్నా చేసేయడం మామూలుగా జరిగే పని. అలా చేస్తే ఎగుడుదిగుళ్లలో కింది సగం పోయి పైసగమే మిగులుతుంది. దానితో నలుపు తేలిపోతుంది, నీడలకు ఏదో ఒక రంగు అంటుకుంటుంది. రుణాంకెలను చివరి మెట్టు దాకా అలాగే ఉంచుకోవాలి.

వెలుగు ఎక్కువైన చోట ఇబ్బంది మరోలా ఉంటుంది. ఎండకు మెరిసే మబ్బు అంచున ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 1,023 దగ్గర నిండిపోయాయనుకుందాం. ఐఆర్ ఇంకా నిండలేదు. ఆ మూడింటిలోంచి పరారుణం కింద 400 తీసేస్తే మూడూ 623 అవుతాయి. అవి నిజమైన కొలతలు కావు, నిండిపోయిన గిన్నెల్లోంచి తోడిన అంకెలు. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపునూ నీలాన్నీ హెచ్చవేస్తారు, ఆకుపచ్చను అలాగే ఉంచుతారు. మబ్బు గులాబీ రంగులోకి తిరుగుతుంది. అందుకే పిక్సెల్ నిండుదనానికి దగ్గరపడే కొద్దీ తీసివేతను క్రమంగా సడలిస్తారు. రంగు కాస్త వెలిసినా తెలుపు తెలుపుగా మిగులుతుంది.

మెట్ల వరుస

బ్లాక్ లెవెల్, చెడిపోయిన పిక్సెళ్ల సవరణ, లెన్సు అంచుల్లో తగ్గే వెలుగును సరిచేయడం, పరారుణం తీసివేత, మొజాయిక్ విప్పడం (ప్రతి పిక్సెల్‌లో కొలవని రంగులను పక్క పిక్సెళ్ల నుంచి నింపడం), వైట్ బ్యాలెన్స్, రంగు మాత్రిక, గామా. కాగితం మీద ఇదే వరుస. మూడో మెట్టు, నాలుగో మెట్టు మధ్య ఒక కిటుకు ఉంది. లెన్సు అంచుల దగ్గర కనిపించే కాంతి తగ్గే తీరు వేరు, పరారుణం తగ్గే తీరు వేరు. పైగా డ్యూయల్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు పలుచటి పొరల మధ్య కాంతి వ్యతికరణం మీద నడుస్తాయి. కాంతి ఏటవాలుగా పడితే అవి వదిలే పట్టీ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. బొమ్మ మూలల్లో ఈ జరుగుడు ఎక్కువ. ఎరుపు పిక్సెల్‌లో దాక్కున్న పరారుణం నీడబారేది పరారుణం లెక్కనే, ఎరుపు లెక్కన కాదు. కాబట్టి మొదట పరారుణాన్ని తీసి, అంచుల వెలుగును సరిచేయడానికి మిగిలిన రంగుకు రంగు పట్టిక, ఐఆర్ బొమ్మకు దాని సొంత పట్టిక వాడాలి. వరుస తారుమారైతే పరీక్ష గదిలో కనిపించని ఎర్రజీర మూలల్లో తేలుతుంది. చాలా చిప్పుల్లో ఈ రెండు మెట్లూ తయారీలోనే స్థిరంగా అమర్చి ఉంటాయి కాబట్టి ముందే చూసుకోవడం మేలు.

రంగు మాత్రికలోనూ ఒక వెసులుబాటు ఉంది. మామూలు కెమెరాలో అది మూడు వరుసలు, మూడు నిలువులు. ఇక్కడ నాలుగో నిలువు ఐఆర్‌కు ఇచ్చి, తీసివేతనూ రంగు దిద్దుబాటునూ ఒకే హెచ్చవేతలో ముగించవచ్చు. 1976లో వచ్చిన 24 గడుల కలర్‌చెకర్ పలకను రకరకాల దీపాల కింద ఫోటో తీసి ఈ పన్నెండు అంకెలనూ రాబడతారు. లెక్క తేలికే, కానీ నిండిన పిక్సెళ్ల సంగతి దీనికి పట్టదు. ఇక ఐఆర్‌కూ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తి ఏ దీపం కింద ఉన్నామో కూడా చెప్పేస్తుంది. పరారుణం మెండుగా ఉంటే ఎండో ఫిలమెంటు బల్బో, అసలు లేకపోతే ఎల్‌ఈడీయో ట్యూబ్‌లైటో. మామూలు బేయర్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఊహ మీద నడిచే పని. దీపాన్ని ఇలా గుర్తించగలగడం ఆర్‌జీబీ-ఐఆర్ ఉచితంగా ఇచ్చే మేలు.

మొజాయిక్ విప్పడం

ఈ ముడి ఫైలును బేయర్ ఫైలనుకుని మామూలు సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే బొమ్మంతా సన్నటి గళ్లు పరుచుకుంటాయి. 1997లో డేవ్ కాఫిన్ మొదలుపెట్టిన డీసీరా లాంటి కన్వర్టర్లు, ఫోన్ల చిప్పుల్లోని చిత్ర యంత్రాంగాలు ఎక్కువగా బేయర్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినవే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఏఎం62ఏ లాంటి కొన్ని చిప్పులు ఆర్‌జీబీ-ఐఆర్‌ను నేరుగా తీసుకుంటాయి. మిగతావాటికి ముందుగా పదహారు గడిని బేయర్ గడిగా మార్చి అందించాలి. దీన్ని రీమొజాయిక్ అంటారు.

పైన చెప్పిన గడిని మారిస్తే ఏమవుతుందో చూడండి. బేయర్‌లో మొదటి వరుస నీలం, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ కావాలి. కానీ మన మొదటి వరుసలో మూడోది ఎరుపు. అక్కడి ఎరుపు కొలతను తీసేసి, చుట్టుపక్కల నీలాల నుంచి ఊహించిన నీలం పెట్టాలి. రెండో వరుసలో ఐఆర్ ఉన్న చోట్ల ఎరుపు రావాలి. నిజంగా కొలిచిన ఎరుపు దాని చోటు నుంచి పోయి, ఎన్నడూ కొలవని చోట ఎరుపు పుడుతుంది. పదహారింటిలో ఆరు ఊహలే. ఆపైన బేయర్ యంత్రాంగం ఆ ఊహల మీద తన ఊహలు పేరుస్తుంది. సన్నటి గీతల చొక్కాలు, గ్రిల్ ఊచలు, వెంట్రుకల అంచుల దగ్గర లేని రంగులు మెరిసేది ఇందువల్లే.

దారి చూపేది ఆకుపచ్చ. సగం పిక్సెళ్లు దానివే కాబట్టి అంచులు ఎటు సాగుతున్నాయో దాని నుంచి తెలుసుకుని, ఆ వెంబడే ఎరుపు, నీలం, ఐఆర్‌లను నింపుతారు. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొన్నో, తనాకా, ఒకుతోమి బృందం పనిచేసిన రెసిడ్యువల్ ఇంటర్‌పొలేషన్ ఈ కోవలో ప్రసిద్ధం. ముందు ఆకుపచ్చ ఆధారంగా ఒక అంచనా కట్టి, అసలు కొలతకూ అంచనాకూ ఉన్న తేడాను మాత్రమే చుట్టూ పరుస్తారు. తేడా నునుపుగా ఉంటుంది కాబట్టి తప్పులు తగ్గుతాయి. అయితే పరారుణం ఆకుపచ్చ మాట అన్నిసార్లూ వినదు. పువ్వుల అచ్చువేసిన నల్లచీర పరారుణంలో పువ్వులే లేకుండా తెల్లగా రావచ్చు. అక్కడ ఆకుపచ్చ అంచులను నమ్మి ఐఆర్‌ను నింపితే లేని పువ్వులు పుట్టుకొస్తాయి, తీసివేత తర్వాత అవే రంగు బొమ్మలోకి దిగుతాయి.

స్విట్జర్లాండ్ లోసాన్‌లోని ఈపీఎఫ్ఎల్‌లో సబీన్ జ్యూస్ట్రంక్ బృందం ఈ రెండు కాంతుల సంబంధం మీద చాలా పనిచేసింది. 2011లో వాళ్లు బయటపెట్టిన 477 జంట చిత్రాల సంకలనాన్ని పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాక తీసివేతనూ మొజాయిక్ విప్పడాన్నీ కలిపి నేర్పే పద్ధతులు పెరిగాయి. వాటికి కావలసిన సరైన జవాబు, అంటే అదే దృశ్యానికి పరారుణం సోకని రంగు బొమ్మ, కదిలే మనుషుల విషయంలో దొరకడం కష్టం.

చీకట్లోనూ కారులోనూ

వెలుగు తగ్గేకొద్దీ తీసివేత అర్థం కోల్పోతుంది. పరారుణ ఎల్‌ఈడీ వెలిగిన గదిలో రంగు పిక్సెళ్లలో ఉన్నదంతా పరారుణమే. దాన్ని తీసేస్తే మిగిలేది నాయిస్ ఒక్కటే. కాబట్టి ఒక హద్దు దాటాక తీసివేతను ఆపి, ఉన్న పరారుణాన్నంతా వెలుగుగా కలుపుకుని నలుపు-తెలుపు బొమ్మ ఇస్తారు. ఆ రెంటికీ మధ్య సంధ్యవేళలో వెలుతురు వివరాలు పరారుణం నుంచి, రంగు మాత్రం బాగా నునుపు చేసిన ఎరుపు-ఆకుపచ్చ-నీలాల నుంచి తీసుకుని కలుపుతారు. మనుషుల చర్మం పరారుణంలో మచ్చలు లేకుండా పాలిపోయినట్టు వస్తుంది కాబట్టి ఈ కలయిక మోతాదు మించితే ముఖాలు బొమ్మల కొలువులా తయారవుతాయి.

కారు లోపల కథ వేరు. డ్రైవరు కళ్లకు ఇబ్బంది కలగకుండా 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు వాడతారు. 850 ఎల్‌ఈడీలు చీకట్లో మందమైన ఎర్ర చుక్కల్లా కనిపిస్తాయి, 940వి కనిపించవు. పైగా గాలిలోని నీటి ఆవిరి ఆ ప్రాంతంలో సూర్యకాంతిని కొంత మింగేయడంతో ఎండ పోటీ తక్కువ. చాలా చలువ కళ్లద్దాల గుండా కూడా కళ్లు కనిపిస్తాయి. ఇక్కడ వాడే కిటుకు తీసివేత అవసరాన్నే తగ్గిస్తుంది. సెన్సర్ ఒక ఫ్రేమును ఎల్‌ఈడీ వెలిగించి, మరుసటి ఫ్రేమును ఆర్పి తీస్తుంది. మొదటిది కనురెప్పలు చూసే అల్గారిథమ్‌కు, రెండోది వీడియో కాల్‌కో కారులోని రంగు రికార్డుకో. అన్ని పిక్సెళ్లూ ఒకేసారి కాంతిని పట్టే గ్లోబల్ షట్టర్ సెన్సర్ అయితే ఎల్‌ఈడీని ఆ కొద్ది క్షణమే గట్టిగా వెలిగించవచ్చు.

ఈ సెన్సర్ల గిరాకీ పెరగడానికి ఒక చట్టం తోడయింది. ఐరోపా సమాఖ్య 2019/2144 నిబంధన ప్రకారం డ్రైవరు మగతను గుర్తించి హెచ్చరించే ఏర్పాటు 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ తప్పనిసరి. డ్రైవరు దృష్టి మళ్లినప్పుడు హెచ్చరించే ఏర్పాటు అదే నెల నుంచి కొత్త మోడళ్లకు, 2026 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ వర్తిస్తుంది.

పైరు మీద చూపు

పచ్చటి ఆకు ఎర్ర కాంతిని మింగి సమీప పరారుణాన్ని సగం దాకా తిప్పికొడుతుంది. పరారుణం నుంచి ఎరుపును తీసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. ఆకు ఎరుపును 0.05, పరారుణాన్ని 0.45 తిప్పికొడితే అంకె 0.8, అంటే ఏపుగా ఉన్న పైరు. ఇప్పుడు ఎరుపు పిక్సెల్‌లోకి పరారుణం 0.10 మేర కలిసిందనుకోండి. ఎరుపు 0.15 అవుతుంది, ఎన్‌డీవీఐ 0.5కు పడిపోతుంది. ఆకు అదే, పొలం అదే. తీసివేత సరిగా లేకపోవడంతో మంచి పైరు తెగులు సోకినట్టు కనిపిస్తుంది.

ఉపగ్రహాలకు ఈ బెడద లేదు. 1988 మార్చి 17న ఎగిరిన ఐఆర్ఎస్-1ఏలోని లిస్-1 కెమెరాకు నాలుగు పట్టీలు, ఒక్కొక్క పట్టీకి దాని సొంత లెన్సు, సొంత సీసీడీ వరుస. అందులో నాలుగోది సమీప పరారుణం. హైదరాబాదులోని ఇప్పటి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం షాద్‌నగర్ గ్రౌండ్ స్టేషన్‌లో అందుకున్న ఆ అంకెల్లో ఎరుపు ఎరుపే, పరారుణం పరారుణమే. వ్యవసాయ డ్రోన్లలోనూ మంచివి ఇదే దారి పట్టాయి. 2019లో వచ్చిన డీజేఐ పీ4 మల్టీస్పెక్ట్రల్‌కు ఆరు సెన్సర్లు. ఒకటి రంగుకు, మిగతా అయిదూ ఒక్కో పట్టీకి ఒక్కోటి.

చవక దారి కావాలనుకునేవారు మామూలు కెమెరాలోంచి పరారుణ ఫిల్టర్ ఊడదీస్తారు. 2013లో రాస్‌ప్‌బెర్రీ పై సంస్థ ఫిల్టర్ లేని పై నోఐఆర్ కెమెరాతో పాటు ఒక నీలి ఫిల్టర్ ముక్కను కూడా ఇచ్చింది. అది ఎరుపును ఆపుతుంది కాబట్టి ఎరుపు పిక్సెల్‌లో పడేది చాలావరకు పరారుణం, నీలం పిక్సెల్‌లో పడేది నీలమూ పరారుణమూ కలిపి. దాని నుంచి వచ్చే సూచిక ఒకే బొమ్మలో ఈ మడి బాగుందా ఆ మడి బాగుందా అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఉపగ్రహ ఎన్‌డీవీఐ పక్కన పెట్టి చూడడానికి పనికిరాదు. అంత మాత్రానికైనా ముడి ఫైలే వాడాలి. జేపెగ్‌లో గామా, వైట్ బ్యాలెన్స్ అప్పటికే అంకెలను వంచేసి ఉంటాయి, ఆ అంకెల నిష్పత్తికి అర్థం ఉండదు.

ఎంచుకునేవారికి

పొలానికైనా కారుకైనా ఆర్‌జీబీ-ఐఆర్ సెన్సర్ కొనేముందు మెగాపిక్సెళ్ల లెక్క పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి. లెన్సులో డ్యూయల్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఉందా, దాని పట్టీ ఎల్‌ఈడీకి సరిపోయిందా? చిప్పు పదహారు గడిని నేరుగా చదువుతుందా, రీమొజాయిక్ చేయాలా? తీసివేత లెన్సు నీడ సవరణకు ముందా తర్వాతా? నిండిన పిక్సెళ్లను ఏం చేస్తుంది? మొదటి ప్రశ్నకు లేదు అన్న జవాబు వస్తే మిగతా మూడూ అడగక్కర్లేదు. ఆ కెమెరా రాత్రి బాగానే పనిచేస్తుంది, పగటి రంగును మాత్రం నమ్మడానికి వీల్లేదు.